కొత్తగా కాలనీ సెక్రటరీ అయిన అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్ను కాలనీ అసోసియేషన్ సెక్రటరీగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏకగ్రీవం అంటే ఇంకెవరూ ఒప్పుకోలేదని అర్థం, అది నీకూ తెలుసు. నెత్తిన పడింది కాబట్టి చేసే పద్ధతి రాస్తున్నాను. వరంగల్ హైవే మీద ఘట్‌కేసర్ దాటాక బీబీనగర్ వైపు ఉన్న వెంచర్లన్నీ ఇంచుమించు ఒకే అచ్చు: నూట ఇరవై ప్లాట్లు, అందులో ఎనభై ఇళ్లు, ఒక బోరు, ఒక ట్యాంకు, పార్కని చెప్పుకునే ఒక ముళ్లకంప జాగా, పక్కనే పాత ఊరు.

మొదటి వారం మీటింగులు పెట్టకు. వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని వీధి వీధీ తిరిగి వాల్వుల పటం గీయి. ఏ వాల్వు ఏ గల్లీకి పోతుంది, దగ్గరి కరెంటు స్తంభానికి ఎన్ని అడుగుల దూరంలో ఉంది, ఎన్ని చుట్లు తిప్పితే పూర్తిగా మూసుకుంటుంది, ఈ మూడూ రాయాలి. చాలా కాలనీల్లో ఇదంతా వాచ్‌మన్ బుర్రలోనే ఉంటుంది. అతను పండగకని ఊరెళ్లిన రోజే పైపు పగులుతుంది. మట్టిలో కూరుకుపోయిన వాల్వును వెతుక్కుంటూ గడ్డపారతో తవ్వితే పక్కనున్న మంచి పైపు కూడా పోతుంది.

తర్వాత ఒక 200 లీటర్ల డ్రమ్ము కొను. ప్రతి నెలా ఒకటో తారీకున బోరు నీళ్లు ట్యాంకులో పడేచోట ఆ డ్రమ్ము పట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో నోటుబుక్కులో రాయి. మోటారు వేసిన పావుగంట తర్వాత పట్టు, వేసిన వెంటనే పడితే లెక్క తప్పుతుంది. గంటకు పది వేల లీటర్లిచ్చే బోరైతే 72 సెకన్లలో నిండుతుంది. జనవరిలో 72 ఉన్నది మార్చికి 90 అయిందంటే మే నెలలో ట్యాంకర్లు తప్పవని ముందే తెలుస్తుంది. అప్పుడు ట్యాంకరు వాళ్లతో మార్చిలోనే బేరం మాట్లాడుకోవచ్చు. మేలో మాట్లాడితే అది బేరం కాదు, బతిమాలుకోవడం.

డ్రమ్ము పట్టినప్పుడే మోటారు ఎంత కరెంటు లాగుతోందో ఆంప్స్‌లో చూపించే, స్టార్టర్ మీది అమ్మీటరు కూడా చూడు. ఈ రెండూ కలిపి చదివితే రోగం సగం తెలిసిపోతుంది. నీళ్లు తగ్గి, ఆంప్స్ కూడా తగ్గి ముల్లు ఊగుతుంటే బోరులో నీటిమట్టం పడిపోయింది, పంపు గాలి లాగుతోంది. వెంటనే ఆపి, గంటో రెండు గంటలో ఊరనిచ్చి మళ్లీ వెయ్యాలి. నీళ్లు తగ్గినా ఆంప్స్ ఎప్పటిలాగే ఉంటే లోపల పైపుకు చిల్లు పడింది, లేదా జాయింటు వదిలింది. పైకి రావాల్సిన నీళ్లు బోరులోకే కారుతున్నాయి. ఆంప్స్ పెరిగితే ఇసుక పట్టి పంపు బిగుసుకుపోతోంది, బేరింగులు అరిగాయి, లేదా వోల్టేజీ తక్కువగా ఉంది. మెకానిక్కును పిలిచేటప్పుడు 'నీళ్లు రావట్లేదు' అనకు, ఈ రెండు అంకెలూ చెప్పు. మోటారు పైకి లాగాలా వద్దా అని అతనే ఫోన్‌లో చెప్పేస్తాడు. లాగుడు కూలి ఊరికే పోదు.

మోటార్లు ఎందుకు కాలతాయో కూడా తెలుసుకో. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే అని చిన్న డయల్ ఉంటుంది. దాన్ని మోటారు నేమ్‌ప్లేటు మీదున్న ఆంప్స్ దగ్గర పెట్టాలి. వోల్టేజీ తగ్గినప్పుడు ఆంప్స్ పెరిగి రిలే ట్రిప్ అయి మోటారును ఆపేస్తుంది. అది దాని డ్యూటీ. రాత్రిపూట నాలుగుసార్లు లేవలేక ఎవరో ఒకరు ఆ డయల్‌ని చివరికంటా తిప్పేస్తారు. అప్పటినుంచి ట్రిప్పు ఉండదు, కొన్నాళ్లకు వైండింగూ ఉండదు. డయల్ ఎక్కడుండాలో పెయింటుతో గీత పెట్టించి బాక్సుకు తాళం వేయించు. ఒక ఫేజు పోయినప్పుడు ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు, నీళ్లు లేనప్పుడు ఆపే డ్రై రన్ ప్రొటెక్షను, రెండూ ఉండాల్సిందే. రీవైండింగుకయ్యే ఖర్చుతో పోలిస్తే వాటి ఖరీదు ఏమంత కాదు.

ఇక చివరి గల్లీ గోల. 'మాకు నీళ్లు రావట్లేదు, పై వాళ్లు మొత్తం లాగేసుకుంటున్నారు' అన్న ఫిర్యాదు నీకు వచ్చే ఉంటుంది. ట్యాంకు దగ్గరి ఇళ్ల సంపులు నిండిన తర్వాతగానీ చివరి ఇంటికి ప్రెషరు అందదు. పై ఇంట్లో సంపుకు, నిండగానే నీళ్లు ఆపే బాల్‌కాక్ లేకపోతే అది నిండినా నీళ్లు ఆగవు, పొంగి మోరీలో పోతూనే ఉంటాయి. కాబట్టి మొదటి నియమం: ప్రతి సంపుకూ బాల్‌కాక్. అసోసియేషన్ ప్లంబరును ఒకే ఆదివారం అన్ని ఇళ్లకూ తిప్పితే చవకలో అయిపోతుంది. రెండో నియమం: కాలనీని రెండు మూడు లైన్లుగా విడగొట్టి ఒక్కో లైనుకు ఒక్కో గంట, చివరి గల్లీకి తెల్లవారుజామున మొదటి గంట. మెయిన్ లైన్ మీద నేరుగా మోటారు పెట్టి పీల్చేవాళ్లు ఒకరిద్దరు ప్రతి కాలనీలోనూ ఉంటారు. నీళ్లు దొంగిలిస్తున్నారని వాళ్లమీద అరిస్తే ఒప్పుకోరు. అసలు ప్రమాదం వేరే ఉందని చెప్పు: మోటారు పీల్చినప్పుడు పైపులో ప్రెషరు సున్నాకంటే కిందికి పోతుంది. మోరీ పక్కగా పోయే పైపుకు సన్నటి చీలిక ఉంటే ఆ మురుగు లోపలికి వస్తుంది. అది ముందు ఆ మోటారున్న ఇంటి సంపులోనే పడుతుంది. ఈ ఒక్క మాటతో చాలామంది మోటారు తీసేస్తారు.

క్లోరినేషన్ గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని సరిగా చేసే కాలనీలు తక్కువ. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ లెక్క. మీ ట్యాంకు 40,000 లీటర్లంటే 100 గ్రాములు. ప్లాస్టిక్ మగ్గులో కొంచెం నీళ్లు పోసి ముద్దలా కలపాలి, ఉండలు ఉండకూడదు. దాన్ని బకెట్‌లో వేసి ముప్పావు బకెట్ నీళ్లు పోసి కర్రతో తిప్పి, పది నిమిషాలు కదపకుండా వదిలెయ్యాలి. సున్నం తెల్లగా అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లే ట్యాంకులో పొయ్యాలి, అడుగుది పారబొయ్యాలి. ట్యాంకు నిండుతుండగా పోస్తే బాగా కలుస్తుంది. పూర్తిగా నిండాక గంటసేపు ఆగి వాల్వు తిప్పాలి. పౌడరును నేరుగా డబ్బాతో గుమ్మరిస్తే ఒక ఇంటికి వాసన కొట్టే నీళ్లు, ఇంకో ఇంటికి ఏమీ లేని నీళ్లు పోతాయి. పైగా ఆ సున్నమంతా పైపుల్లోకి దిగుతుంది, అసలే మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. చవకని 25 కిలోల బస్తా కొనకు. రోజుకు 100 గ్రాములంటే అది ఎనిమిది నెలలొస్తుంది, కొత్త పౌడర్లో 33 శాతం దాకా ఉండే క్లోరిన్ అప్పటికి ఎగిరిపోయి ఉత్త సున్నం మిగులుతుంది. ఘాటు వాసన లేని పౌడరు, గడ్డకట్టిన పౌడరు ముగ్గుకు తప్ప పనికిరాదు. వేసింది చాలిందో లేదో ట్యాంకు దగ్గర కాదు, చివరి గల్లీ చివరి ఇంటి కొళాయి దగ్గర చూడాలి. క్లోరోస్కోప్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, నీళ్లలో చుక్కలేస్తే పసుపు రంగు వస్తుంది. క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు చూపించాలి. పరీక్ష చేసిన నీళ్లు పారబొయ్యాలి, తాగకూడదు.

ఏడాదికి రెండుసార్లు, ఎండలకు ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి బోరు నీళ్లు ల్యాబుకు పంపు. భువనగిరి, నల్లగొండ వైపు నేలలో ఫ్లోరైడు చూసుకోవాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నైట్రేటు 45 దాటితే ఎవరిదో సెప్టిక్ ట్యాంకు నీళ్లు బోరుకు అందుతున్నట్టు అనుమానించు. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే సోక్ పిట్‌కూ బోరుకూ కనీసం అరవై అడుగుల దూరం ఉండాలి. మూసి ఉన్న సంపులోకి మనిషిని ఒంటరిగా దించొద్దు. సెప్టిక్ ట్యాంకులోకైతే అసలు దించకూడదు, రక్షణ పరికరాలు లేకుండా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. సక్షన్ బండిని పిలిపించు.

బోరు పక్కన ఇంకుడు గుంత లేకపోతే వానాకాలంలోపు తవ్వించు. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు. కింద సగం వరకూ 40 ఎంఎం కంకర, ఆపైన పావు వంతు 20 ఎంఎం, దానిమీద దొడ్డు ఇసుక, పైన అడుగు ఖాళీ. ఆ ఇసుక పై పొరను ఏటా మే నెలలో తీసి కడిగించాలి, లేకపోతే ఒండ్రు పట్టి గుంత చెరువులా నిలిచి దోమలు తయారవుతాయి. మురుగు కలిసే మోరీ నీళ్లు మాత్రం దాంట్లోకి తిప్పొద్దు.

ఇప్పుడు డబ్బులు. మెయింటెనెన్సు ఎంత అన్నది పక్క కాలనీని చూసి పెట్టకు. 7.5 హెచ్‌పీ మోటారు గంటకు ఏడు యూనిట్లకు పైనే లాగుతుంది. ట్యాంకు నిండడానికి నాలుగు గంటలు, నెలకు తొమ్మిది వందల యూనిట్ల మాట. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే ఏడు వేలు దాటుతుంది. వాచ్‌మన్‌కు పద్నాలుగు వేలు, ప్లంబింగు, బ్లీచింగు, బల్బులకు ఐదు వేలు, మోటారు ఫండుకు నాలుగు వేలు పక్కన పెడితే మొత్తం ముప్పై వేలు. దాన్ని ఎనభై ఇళ్లతో భాగించి 375 అంటే మూడో నెలకే చేతులెత్తేస్తావు. ఎనభైలో అరవై నాలుగు ఇళ్లే టైముకు కడతాయనుకుని భాగిస్తే 468 చిల్లర, ఐదు వందలు పెట్టు. మిగిలితే మోటారు ఫండుకే. కట్టనివాళ్ల పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, ఆ ఐదు వందల కోసం ఐదేళ్ల పగ మొదలవుతుంది. ఏడో తారీకు సాయంత్రం రసీదు బుక్కు పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లు, మంచినీళ్లు ఇస్తే తాగు, డబ్బులు అడుగు. నీళ్లు కట్ చేస్తామని బెదిరించకు, అది కేసుల దాకా పోతుంది. ఖాళీ ప్లాట్ల వాళ్ల దగ్గర ఏడాదికొకసారి పొదలు కొట్టించే ఖర్చు వసూలు చెయ్యి. పాము కనిపించిన ఫొటో ఒకటి పంపితే అమెరికాలో ఉన్నవాళ్లు కూడా అదే రోజు వేస్తారు.

చెక్కు మీద ఇద్దరి సంతకాలు, చేతిలో నగదు రెండు వేలకు మించకూడదు, నెల లెక్క గేటు దగ్గర బోర్డు మీద కాగితంగా అతికించాలి. వాట్సాప్‌లో పెట్టిన లెక్క రెండు గుడ్‌మార్నింగుల కింద మాయమైపోతుంది. వినాయకచవితి చందా వేరే పుస్తకం, వేరే ఖాతా. ఈ రెండూ కలిస్తే లెక్క తేలదు, నీ మీద మచ్చ కూడా తొలగదు. సొసైటీ 2001 చట్టం కింద రిజిస్టరై ఉంటే, సర్వసభ్య సమావేశం జరిగిన పదిహేను రోజుల్లో కొత్త కమిటీ జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాంకులో సంతకాలు మారేటప్పుడు ఇరుక్కుంటావు.

పార్కు జాగా కాగితాలు నువ్వు దిగిపోయేలోపు కాదు, ఈ నెలలోనే చూడు. ఎనిమిదిన్నర ఎకరాల లేఅవుట్‌లో పార్కుకు వదిలే పది శాతమంటే నాలుగు వేల గజాలకు పైనే. ఇప్పటి ధరలకు అది ఎవరి కళ్లలోనైనా పడుతుంది. ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు ఉన్న లేఅవుట్ కాపీ, పార్కు జాగాను పంచాయతీకి రాసిచ్చినట్టు రిజిస్టరైన గిఫ్ట్ డీడ్ కాపీ సంపాదించు. వెంచర్ వేసినవాళ్లు గిఫ్ట్ డీడ్ చెయ్యకుండా వదిలేసి, పదేళ్ల తర్వాత అదే జాగాను 45/ఎ లాంటి బై నంబర్లతో ప్లాట్లుగా అమ్మడం ఈ చుట్టుపక్కల పాత విద్య. ఆ సర్వే నంబరు మీద ఏ అమ్మకాలు, తాకట్లు రిజిస్టరయ్యాయో చూపే ఈసీ ఏటా తీయించు. కొలిపించి, కడీలు పాతి ఫెన్సింగ్ వేసి, గజాలూ ఎల్‌పీ నంబరూ డీడ్ నంబరూ రాసిన బోర్డు పెట్టు. తేడా కనిపిస్తే పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జిమెంటు తీసుకో, కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లు. పార్కులో గుడి కడదామని పెద్దలెవరైనా అంటారు. ఎంత పుణ్యమైనా ఒప్పుకోకు. ఒక మూల గుడికిస్తే ఇంకో మూల ఇంకొకరు అడుగుతారు, చివరికి పిల్లలు రోడ్డు మీద ఆడతారు.

గేటు కట్టి రాత్రిపూట తాళం వేద్దామన్న ప్రతిపాదన కూడా వస్తుంది. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు పంచాయతీవి, మనవి కావు. పైగా ఆ రోడ్డు చివర ఊరివాళ్ల పొలాల బాట ఉంటే, బర్రెలు తోలుకుపోయేవాడిని ఆపిన రోజు నుంచి మీ చెత్త ట్రాక్టరు సరిగా రాదు. ఈ వెంచర్ వెయ్యకముందు అది వాళ్ల చేను. కాలనీ మురుగు పల్లానికి పారి ఎవరి పొలంలో, ఏ కుంటలో కలుస్తోందో ఒకసారి కాలినడకన పోయి చూడు. గొడవకు వచ్చేదాకా ఆగకుండా పైపు పొడిగించడమో సోక్ పిట్లు సరిచేయించడమో మొదలుపెట్టు. గ్రామసభకు మీ వైపు నుంచి ఇద్దరన్నా పోవాలి. వీధిదీపాలు, సీసీ రోడ్లు అక్కడ అడిగితేనే వస్తాయి. బతుకమ్మను పార్కులో వేరేగా ఆడుకోండి, తప్పు లేదు. సద్దుల బతుకమ్మ రోజు మాత్రం ఊరి చెరువుకు అందరితో కలిసి వెళ్లమని ఆడవాళ్లకు చెప్పు. బోనాలకు ఊరి పెద్దలు చందాకు వస్తే అసోసియేషన్ నుంచి కాకుండా ఇంటింటా ఇప్పించు. మీ ఇళ్లలో ఎవరైనా పోతే తీసుకెళ్లేది ఆ ఊరి వైకుంఠధామానికే.

సీసీ రోడ్డు వచ్చినప్పుడు పోసేముందే అడ్డంగా నాలుగైదు చోట్ల ఖాళీ పీవీసీ పైపులు పెట్టించు, రేపు కేబులుకో నీళ్లకో రోడ్డు పగలగొట్టక్కర్లేదు. చెట్లంటే వేప, కానుగ. కోనోకార్పస్ పెట్టొద్దు, వేర్లు పైపుల్లోకి దూరతాయి.

పాత సెక్రటరీ దగ్గర నుంచి తాళంచెవులు, రసీదు బుక్కుల మిగిలిన నంబర్లు, మోటారు బిల్లు, వారంటీ కార్డు, బోరు లోతు ఎంత, ఎన్ని పైపులు దింపారు అన్న కాగితం సంతకం పెట్టించి తీసుకో. ఆ చివరి కాగితం లేకపోతే అతన్ని, ఆ బోరు మెకానిక్కును పక్కపక్కన కూర్చోబెట్టి ఇప్పుడే రాయించు. ఒకటో తారీకున డ్రమ్ము పట్టి సెకన్లు, ఆంప్స్ నాకు పంపు, చూసి చెప్తాను.

ఇట్లు,
మామయ్య