'నన్ను వెంబడించాలనుకునేవాడు ప్రతిదినము తన సిలువ ఎత్తుకోవాలి' అని యేసు అన్నాడు. సిలువ ఎత్తుకోవడం అంటే కష్టాలు ఓర్చుకోవడమేనా?

కాదు, యేసును వెంబడించడం వల్ల ఏ నష్టం వచ్చినా, ప్రాణమే పోయినా సరేనని ఒప్పుకొని ఆయన వెనుక నడవడమే సిలువ ఎత్తుకోవడం. రోమా పాలనలో సిలువ మరణశిక్ష పడినవాడి చేతే ఆ సిలువ అడ్డదూలాన్ని అందరూ చూస్తుండగా మోయించేవారు. అలా మోస్తూ వెళ్లేవాడు ఇక ఇంటికి తిరిగిరాడని జనానికి తెలుసు. యేసు మాట విన్నవాళ్లకు సిలువ అంటే అదే, మెడలో వేసుకునే గుర్తు కాదు. పైగా ఈ మాట ఉన్న బైబిలు వాక్యం లూకా 9:23లో 'ప్రతిదినము' అని ఉంది. అంటే పేరు, డబ్బు, పంతం రోజూ పక్కన పెట్టాల్సిందే.

జర్మన్ పాస్టర్ డీట్రిక్ బాన్‌హోఫర్ 1939లో అమెరికాలో క్షేమంగా ఉండిపోగలిగినా, కొన్ని వారాలకే స్వదేశానికి వెళ్లిపోయాడు. అక్కడ హిట్లర్‌ను ఎదిరించి 1943లో అరెస్టయ్యాడు. 1945 ఏప్రిల్ 9న ఆయన్ను ఉరితీశారు. తిరిగి వెళ్లమని ఆయన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఇక్కడ గమనించాల్సింది అదే.

షుగర్, అప్పులు, ఇంట్లో గొడవలు 'నా సిలువ' అని చాలామంది అంటుంటారు. ఆ బాధ నిజమే, కానీ అవి నమ్మినవాళ్లకూ నమ్మనివాళ్లకూ వస్తాయి. ఇక భర్త చేతిలో దెబ్బలు తినే స్త్రీకి 'ఇది నీ సిలువ, మోయాలి' అని చెప్పడం ఆ వాక్యాన్ని పూర్తిగా వక్రీకరించడమే.