చెట్టెక్కకుండా బదనికను చూడటం

చి. సౌమ్యకు, అత్తయ్య ఆశీస్సులు.

చెట్ల కొమ్మలకి అతుక్కుని బతికే బదనిక మొక్క పూలకి పిట్టలు పుప్పొడి ఎలా చేరుస్తాయో చూడటాన్ని పీజీ ప్రాజెక్టుగా తీసుకున్నావనీ, సంక్రాంతి వెళ్ళగానే పర్లాకిమిడి వచ్చి మన తోటలో మామిడిచెట్లు ఎక్కుతావనీ మీ నాన్న చెప్పాడు. ఆ పూటంతా వీధిలో అందరికీ గొప్పగా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్రపట్టలేదు.

బదనిక అతుక్కున్న చోట కొమ్మ బుడిపెలా ఉబ్బుతుంది. నీళ్ళూ లవణాలూ అదే లాగేసుకోవడంతో అవతలి కొమ్మ ఎండిపోతూ వస్తుంది. పైన పచ్చగా కనబడేది చాలాసార్లు మామిడాకు కాదు, బదనికాకు. దాన్ని నమ్మి కాలు పెట్టేవు! కింద కూర్చుని బైనాక్యులర్‌తో చూడు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారగట్ల మహేంద్రగిరి కొండ వైపు ఒంటరిగా పోకు, ఎలుగులు తిరుగుతాయి.

పుస్తకం, పెన్సిలు, నీళ్ళ సీసా నీకు చెప్పక్కర్లేదు.

కవర్ల సంగతి మాత్రం చెప్పాలి. డిగ్రీలో మీ నాన్న కూడా ఇదే చేశాడు, నీ దగ్గర దాచి ఉంటాడు. పిట్ట తగలకుండా మొగ్గల గుత్తులకి కిరాణా కొట్టు పాలిథిన్ కవర్లు బిగించి కట్టాడు. ఎండకి లోపల ఆవిరి పట్టి, మొగ్గలన్నీ నల్లబడి రాలిపోయాయి. వీడేమో ‘పిట్ట రాకపోతే కాయ కట్టదు’ అని రికార్డులో రాసేశాడు. ఉడికి చచ్చిన మొగ్గ సాక్ష్యం ఎలా చెబుతుందిరా అని అడిగితే, మార్కులు పడ్డాయిగా అన్నాడు. మళ్ళీ నాకోసం జేబునిండా మామిడిపిందెలు తెచ్చి ఇచ్చాడు, ఇంక ఏమనను?

నువ్వు గాలాడే పల్చటి వలసంచులు కుట్టించు. సంచిలో కొన్ని పూలని అలాగే వదిలెయ్యి. కొన్నిటికి వేరే బదనిక పుప్పొడి నువ్వే అద్దు. మరికొన్ని గుత్తులు సంచి లేకుండా ఉండనీ. నువ్వు అద్దినవి కాసి, సంచిలో అలాగే వదిలేసినవి కాయకపోతేనే పిట్ట మాట ఎత్తు.

ఇంకోటి. కొన్ని బదనిక జాతుల్లో పిట్ట ముక్కుతో నొక్కేదాకా మొగ్గ విచ్చుకోదు. నొక్కగానే ఫట్మని చీలి పుప్పొడి దాని మొహాన కొడుతుంది. నీలగిరుల్లో అలాంటి మొగ్గలు చూడ్డానికి పండిన కాయల్లాగే ఉంటాయని జీవావరణ శాస్త్రవేత్త ప్రియా దావీదార్ 1983లో రాశారు. పండు తినే పిట్టకి అదీ ఎర! కాబట్టి లెక్కపెట్టేటప్పుడు నువ్వూ మోసపోకు. పూరేకుల గొట్టం రాలిపోయాక కాయ కొసన చిన్న గిన్నె అంచులాంటిది మిగిలి ఉంటుంది, అది చూసుకో.

వంపు ముక్కు తేనెపిట్ట తేనె తాగిపోతుంది. ఒళ్ళంతా కలిపి ఎనిమిది సెంటీమీటర్లుండే పొట్టిముక్కు పిట్ట, ఫ్లవర్‌పెక్కర్ అంటారే, అదే అసలు మనిషి. పూలకీ అదే, పండుకీ అదే. గింజ చుట్టూ ఉన్న జిగురు వదలక, వెనకభాగాన్ని కొమ్మకి రాసి గింజని అంటించి పోతుంది. ఆ గింజకి మట్టి అక్కర్లేదు. కరెంటు తీగ మీద పడ్డా మొలకెత్తుతుంది, బతకదంతే.

తోట కౌలుదారుకి బదనిక అంటే ఒళ్ళుమంట. కాయ కట్టకముందే కొట్టించేస్తాడు, అతన్ని తప్పుపట్టలేం. నీ గుత్తులకి ఎర్రగుడ్డ కట్టి, ముందే బతిమాలుకో. నేనూ ఒక మాట వేస్తాను. నిచ్చెన మాత్రం అతన్ని అడగకు. దాన్ని నా గదిలో పెట్టి తాళం వేయించాను.

మీ అత్తయ్య