పై గదికి వైఫై అందడం లేదా? ముందు గోడలోని కేబుల్ చూడండి

అమెరికాలో అపార్ట్‌మెంట్ నుంచి ఇంటికి మారినవాళ్ళు తరచూ అడిగే సందేహం ఇది: "రౌటర్ బేస్‌మెంట్‌లో ఉంది, పై గదిలో ఆఫీసు మీటింగ్ మాటిమాటికీ కట్ అవుతోంది. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమంటారా?"

వద్దండి. రౌటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడ బాగానే వస్తుంటే ప్లాన్ ఎంత పెంచినా పై గదికి ఒరిగేదేమీ లేదు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు తమకు వీలైన మూలన రౌటర్ పెట్టి వెళ్ళిపోతారు. దాన్ని ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు మార్చండి. టీవీ వెనకా, ఫర్నేస్ పక్కనా అసలు వద్దు, లోహం సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. రౌటర్ పంపే వైఫై రెండు రకాలు. 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, వేగం తక్కువ, పైగా మైక్రోవేవ్ ఆన్ చేస్తే గందరగోళం.

అందరూ కొనేది ఎక్స్‌టెండర్, అంటే వైఫైని అందుకుని ముందుకు పంపే చిన్న పెట్టె. చౌకే, కానీ చాలావాటిలో అందుకునేదీ పంపేదీ ఒకే రేడియో కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అదీగాక సిగ్నల్ లేని గదిలోనే దాన్ని పెడతారు. అందుకోవడానికి అక్కడ ఏముందని, అది పంచడానికి?

నన్నడిగితే, గదుల గోడల్లో పాత కేబుల్ టీవీ సాకెట్లు ఉన్నాయేమో చూడండి. గుండ్రంగా, మరలతో, మధ్యలో సన్నటి తీగ పట్టే రంధ్రంతో ఉంటాయి. వాటి వెనక ఉన్న కోయాక్స్ కేబుల్ మీదే ఇంటర్నెట్ నడపొచ్చు. కోయాక్స్ మీద ఇంటర్నెట్ పంపే మోకా అడాప్టర్లు రెండు కావాలి, ఒకటి రౌటర్ దగ్గర, ఒకటి పై గదిలో. వాటిలో మోకా 2.5 రకం అయితే గిగాబిట్ ప్లాన్‌కు బాగా సరిపోతుంది. పై గది అడాప్టర్‌కు మెష్ పెట్టె (ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైగా పనిచేయించే పెట్టెల్లో ఒకటి) తగిలిస్తే ఆ అంతస్తంతా వైఫై వస్తుంది. గోడకు కన్నం పెట్టక్కర్లేదు కాబట్టి అద్దె ఇంట్లోనూ చేసుకోవచ్చు. మధ్యలో పాత స్ప్లిటర్ (ఒక కేబుల్‌ను పలు గదులకు చీల్చేది) ఉంటే 1675 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసేదానితో మార్చండి. బయటి కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట మోకా ఫిల్టర్ బిగిస్తే మీ సిగ్నల్ పక్కింటికి పోదు. అదే కేబుల్ మీద శాటిలైట్ టీవీ నడుస్తుంటే మాత్రం ఈ పద్ధతి కుదరదు.

కోయాక్స్ లేకపోతే ఫోన్ సాకెట్ మూత విప్పి చూడండి. లోపల నాలుగు జతల తీగలుండి, కేబుల్ మీద క్యాట్5ఈ (ఇంటర్నెట్‌కు పనికొచ్చే కేబుల్ రకం) అని కనిపిస్తే అదృష్టమే. రెండు చివరలా ఫోన్ సాకెట్లు తీసి ఈథర్నెట్ సాకెట్లు (ఇంటర్నెట్ తీగ పెట్టేవి) బిగించుకోవచ్చు. అయితే ప్రతి గది తీగా విడిగా ఒకే చోటికి చేరాలి, గది నుంచి గదికి గొలుసులా కలిపి ఉంటే పనికిరాదు.

మెష్ పెట్టాక ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెలో వైఫై ఆపేయడం మరచిపోకండి.