ఎక్స్-వింగ్‌లో టార్పెడో దెబ్బ: షీల్డు ఉంటే క్రిట్ ఏమవుతుంది?

మీరు అడిగింది రెండు ముక్కలు. స్టార్ వార్స్ బొమ్మ షిప్‌లతో బల్ల మీద ఆడే ఎక్స్-వింగ్ ఆటలో రేంజ్ 3 (బాగా దూరం) నుంచి ప్రోటాన్ టార్పెడో వేస్తే, మీ ఫ్రెండ్ అన్నట్టు ఎదుటివాళ్లకి తప్పించుకోవడానికి అదనంగా ఒక పచ్చ డైస్ వస్తుందా? షీల్డు ఉన్న షిప్‌కి క్రిట్ (మామూలు హిట్ కంటే గట్టి దెబ్బ) తగిలితే ఏమవుతుంది? అదనపు డైస్ రాదు. షీల్డు మీద పడ్డ క్రిట్ ఒక షీల్డు టోకెన్ తీసేసి ఊరుకుంటుంది, అంతే. ఇంత చిన్న జవాబుకి మా ఇంట్లో ఆరు నెలలు గొడవ ఎందుకు జరిగిందో చెబితే మీకు పనికొస్తుంది.

మాది పర్లాకిమిడి. మా బామ్మర్ది హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో ఈ సెట్ కొని తెచ్చాడు. ఒక ఎక్స్-వింగ్, రెండు టై ఫైటర్లు, డైస్, కార్డులు అన్నీ ఉన్నాయి, రూల్స్ పుస్తకం మాత్రం లేదు. నెట్‌లో దొరికిన పీడీఎఫ్‌ని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాం. సాయంత్రం కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు కింద ఆడేవాళ్లం. ఆట సగంలో ఉండగా వాడు కార్డు చూపించేవాడు, నేను ప్రింట్ చూపించేవాణ్ణి. ఇద్దరి మాటా నిజమే అన్నట్టు ఉండేది.

ఒకరోజు వాడే అన్నాడు, "బావా, ఈ కాగితాల్లో ఛార్జ్ టోకెన్లు అని రాసుంది. మన పెట్టెలో ఒక్కటీ లేదేటి? ఎలకలెత్తుకుపోయాయా?" అప్పటిదాకా మేం వాటి బదులు చింతపిక్కలు పెట్టుకుని ఆడుతున్నాం! ఎలకల తప్పేం లేదు. కార్డులు 2012లో వచ్చిన మొదటి ఎడిషన్‌వి, ప్రింట్ 2018 నాటి రెండో ఎడిషన్‌ది.

తేడా చిన్నదేం కాదు. పాత కార్డు ప్రకారం టార్పెడో వేయాలంటే టార్గెట్ లాక్ (ఎదుటి షిప్‌ని గురిపెట్టినట్టు పెట్టుకునే టోకెన్) ఖర్చు పెట్టాలి, కార్డు కూడా పక్కన పడేయాలి. ఆ లాక్‌తో డైస్ మళ్లీ వేసుకునే వీలు ఇక ఉండదు. కొత్తదాంట్లో లాక్ ఉంటే చాలు, ఖర్చయ్యేది ఒక ఛార్జ్, అంటే ఆ కార్డుని ఎన్నిసార్లు వాడొచ్చో లెక్కపెట్టే టోకెన్. ఆ లాక్ పెట్టి డైస్ మళ్లీ వేసుకోవచ్చు. అలాంటివి రెండు ఛార్జీలు ఉంటాయి. నేను పాత కార్డుతో కొత్త రూలు ఆడి ఎన్నిసార్లు గెలిచానో లెక్క లేదు. వాడింకా మర్చిపోలేదు.

ఎవేడ్ టోకెన్ సంగతీ ఇంతే. ఎవేడ్ అంటే పచ్చ డైస్ మీద దెబ్బ తప్పించే గుర్తు. పాత ఎడిషన్‌లో ఆ టోకెన్ ఒక ఎవేడ్‌ని కలుపుతుంది. కొత్తదాంట్లో పడిన డైస్‌లో బ్లాంక్ (ఖాళీ ముఖం)నో ఫోకస్ (కన్ను గుర్తు)నో ఎవేడ్‌గా మారుస్తుంది. పచ్చ డైస్ అన్నీ ఎవేడ్లే పడితే కొత్త ఎడిషన్‌లో ఆ టోకెన్‌తో చేసేదేం లేదు.

రేంజ్ విషయం: మామూలు తుపాకీ అయితే రేంజ్ 1లో కొట్టేవాళ్లకి ఒక ఎర్ర డైస్, రేంజ్ 3లో తప్పించుకునేవాళ్లకి ఒక పచ్చ డైస్ ఎక్కువ. ప్రోటాన్ టార్పెడోకి ఈ లెక్క ఏ ఎడిషన్‌లోనూ వర్తించదు. పచ్చ డైస్‌కి ఎనిమిది ముఖాల్లో మూడు ఎవేడ్‌లు కాబట్టి ఆ ఒక్క డైస్ కోసం మీ ఫ్రెండ్ పట్టుబట్టడంలో అర్థం ఉంది, రూలే లేదు.

ఇక క్రిట్. ఇక్కడ వరస ముఖ్యం. నాలుగు ఎర్ర డైస్‌లో రెండు హిట్లు, రెండు క్రిట్లు పడ్డాయనుకోండి. ఎదుటి ఎక్స్-వింగ్‌కి రెండు పచ్చ డైస్, అందులో ఒక ఎవేడ్ పడింది. ఆ ఎవేడ్ ముందు హిట్‌నే కొట్టేస్తుంది, క్రిట్‌ని ఏరుకుని తీసేయడం కుదరదు. మిగిలింది ఒక హిట్, రెండు క్రిట్లు. దెబ్బలు వేసేటప్పుడూ హిట్లే ముందు. రెండు షీల్డులూ ఉంటే హిట్‌కి ఒకటి, మొదటి క్రిట్‌కి ఇంకొకటి పోతాయి. మిగిలిన ఒక్క క్రిట్‌కే డ్యామేజ్ కార్డు తెరిచి వేస్తారు, అంటే దాని మీద రాసిన నష్టం కూడా షిప్‌కి తగులుతుంది. షీల్డు ఒకటే ఉంటే రెండు కార్డులూ తెరుచుకుంటాయి. టై ఫైటర్‌కి షీల్డులే లేవు, దాని మీద ప్రతి క్రిట్టూ నేరుగా కార్డే. అందుకే టార్పెడోని షీల్డులు నిండుగా ఉన్న షిప్ మీద మొదటి రౌండ్‌లోనే వాడేయడం నాకు నచ్చదు. మా వాడు మాత్రం ఆగలేడు.

డైస్ మార్చుకోవడానికీ వరస ఉంది. ఎర్ర డైస్‌ని ముందు తప్పించుకునేవాళ్లు మార్చాలి, తర్వాత కొట్టేవాళ్లు. పచ్చ డైస్‌కి తిరగేసి. ఎవరి డైస్ అయితే వాళ్లకి చివరి మాట అని గుర్తుపెట్టుకున్నాం.

అష్టాచెమ్మాలాగా ఇంటికో రూలు పెట్టుకుని ఆడొచ్చు, తప్పేం లేదు. కంపెనీ కూడా 2024లో ఈ ఆట మీద కొత్త పని ఆపేసింది. కాకపోతే రెండు ఎడిషన్లు కలిపితే మాలాగే ఆరు నెలలు కొట్టుకుంటారు. ముందు మీ పెట్టె తెరిచి ఛార్జ్ టోకెన్లు ఉన్నాయో లేదో చూసి చెప్పండి, మిగతా కార్డుల సంగతి దాన్ని బట్టి చూద్దాం.