బీచ్ రోడ్డు టీ కొట్టుకి నియాన్ బోర్డు

చిరంజీవి మేనకోడలికి,
మావయ్య ఆశీస్సులు.

స్నేహితులు బీచ్ రోడ్డులో పెడుతున్న టీ కొట్టుకి రిమోట్‌తో వెలిగే నియాన్ బోర్డు నువ్వే చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమనిపించింది తల్లీ.

అసలైన నియాన్ జోలికి మాత్రం వెళ్లకు. 1910లో పారిస్‌లో జార్జ్ క్లాడ్ చూపించిన ఆ ఎర్రటి వెలుగుకి గాజు గొట్టం, గ్యాసు, వేల వోల్టుల కరెంటు కావాలి. నువ్వు 12 వోల్టుల ఎల్ఈడీ నియాన్ ఫ్లెక్స్ కొనుక్కో, అంటే నియాన్‌లా కనిపించే, వంచగలిగే ఎల్ఈడీ పట్టీ. పేరు తెలుగులోనే రాయి. మన అక్షరాల వంపులకి ఫ్లెక్స్ బాగా ఒదుగుతుంది. తలకట్లు, ఒత్తులు మాత్రం విడి ముక్కలుగా చెయ్యాలి. ఫ్లెక్స్ మీద కోత గుర్తులున్న చోటే కొయ్యి. ప్రతి ముక్కకీ ఆక్రిలిక్ షీటు వెనక నుంచి వైరు లాగి, అన్నిటినీ ప్యారలల్‌గా, అంటే ప్లస్‌లన్నీ ఒకచోటికి, మైనస్‌లన్నీ ఒకచోటికి కలుపు.

మీటరుకి 10 వాట్లనుకుంటే నాలుగు మీటర్లకి 40 వాట్లు, అంటే మూడు ఆంపియర్లు దాటుతుంది. 230 వోల్టుల్ని 12 వోల్టులుగా మార్చే 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ పెట్టు, ఫ్యూజు మరిచిపోకు. 230 వోల్టుల పని ఎలక్ట్రీషియన్‌కి వదిలెయ్యి. ఆ ఎస్ఎంపీఎస్ కొట్టు లోపలే ఉండాలి, బయటికి 12 వోల్టుల వైరు మాత్రమే రావాలి.

బోర్డుని నడిపే చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 పిన్ను ఇంత లోడుని మొయ్యలేదు, మధ్యలో స్విచ్చిలా పనిచేసే మాస్‌ఫెట్ ఉండాలి. షాపులో ఐఆర్‌ఎఫ్540 ఇస్తే తీసుకోకు. అది పూర్తిగా ఆన్ కావాలంటే గేటుకి, అంటే దాన్ని ఆన్ చేసే కాలుకి, 10 వోల్టులు కావాలి, నీ ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3. సగం ఆన్ అయి వేడెక్కిపోతుంది. తక్కువ వోల్టులకే ఆన్ అయ్యే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అడుగు. గేటు నుంచి గ్రౌండుకి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ వేస్తే, ఈఎస్‌పీ32 స్టార్ట్ అయ్యేటప్పుడు అక్షరాలు పిచ్చిగా మినుకుమనవు. ఈఎస్‌పీ32 సప్లై, 12 వోల్టుల సప్లై, ఈ రెండిటి గ్రౌండ్లు కలపాలి. కలపకపోతే ఏదీ సరిగా పనిచెయ్యదు, తప్పు కోడ్‌లో ఉందనుకుని రాత్రంతా వెతుకుతావు.

రిమోట్‌కి పాత టీవీదే చాలు. దాని సిగ్నల్ అందుకునే రిసీవర్ టీఎస్‌ఓపీ38238 అయితే 3.3 వోల్టులతో నడుస్తుంది. ఎక్కువగా దొరికే టీఎస్‌ఓపీ1738కి 5 వోల్టులు కావాలి. రిసీవర్‌కి చిన్న గొడుగులా కప్పు పెట్టు, మన సముద్రం తూర్పున కదా, పొద్దున ఎండ సూటిగా పడితే రిమోట్ సరిగా అందదు. కోడ్ గురించి నీకు చెప్పక్కర్లేదు. కరెంటు పోయి వచ్చాక ఇంతకు ముందున్న వెలుతురే రావాలి, అది మెమరీలో దాచు.

ఇక ఉప్పు గాలి. విశాఖలో బోర్డులు పాడవడానికి ఎక్కువగా ఇదే కారణం, అందుకే గట్టిగా చెప్తున్నాను. టంకం వేసిన చోటల్లా మిగిలిన ఫ్లక్స్ జిగురు తుడిచి, తేమ తగలకుండా కాపాడే కన్ఫార్మల్ కోటింగ్ పుయ్యి. ఫ్లెక్స్ కోసిన చివర్లన్నీ న్యూట్రల్ సిలికాన్‌తో మూసెయ్యి, పుల్లటి వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది. వైర్లు సర్క్యూట్ ఉన్న డబ్బాలోకి కింది వైపు నుంచే రావాలి, పైనుంచి వస్తే నీళ్లు వాటి వెంటే దిగుతాయి. స్క్రూలు ఉప్పుగాలికి తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్‌వే కొను, ఖరీదైనా సరే.

గోడకి బిగించేటప్పుడు ఇద్దరు మనుషులు కొద్ది నిమిషాల్లో దించగలిగేలా హుక్కులు, వెనక ఒక కనెక్టర్ పెట్టు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడినప్పటి గాలి నీకు గుర్తుండకపోవచ్చు. తుపాను హెచ్చరిక రాగానే బోర్డు దించి లోపల పెట్టమని స్నేహితులకి ఇప్పుడే చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య