ఎం.ఎం.టి.ఎస్. చిన్న స్టేషన్లన్నిటిలో ఎందుకు ఆగుతుంది? ఎక్కడ ఆపాలో ఎలా నిర్ణయిస్తారు?

మీరు రోజూ హైదరాబాద్ లోకల్ రైలు ఎం.ఎం.టి.ఎస్.ను బేగంపేటలో ఎక్కి హైటెక్ సిటీలో దిగుతానన్నారు. మధ్యలో నేచర్ క్యూర్ హాస్పిటల్, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ వస్తాయి. ఈ నాలుగింటిలో ఎక్కేవాళ్లు తక్కువ, ఆఫీసు వేళల్లో కొన్ని బండ్లనైనా వీటిలో ఆపకుండా పంపితే ఏం పోతుంది, అసలు దీన్ని ఎవరు, ఏం చూసి నిర్ణయిస్తారు అని అడిగారు.

నేను పదకొండేళ్లు విద్యానగర్ నుంచి హైటెక్ సిటీకి లోకల్‌లోనే ఉద్యోగానికి వెళ్లాను. నాకూ ఇదే ఆలోచన ఉండేది. చిన్న స్టేషన్లు వదిలేయమని తోటి ప్రయాణికులు ఒకసారి అర్జీ రాస్తే సంతకం కూడా పెట్టాను. ఇప్పుడైతే పెట్టను.

మా చిన్నాయన రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. అర్జీ సంగతి చెబితే ఆయన కోప్పడలేదు. పాత క్యాలెండర్ కాగితం తిరగేసి దాని మీద కంట్రోల్ చార్టు గీశాడు. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ఒక్కో బండి ఒక్కో ఏటవాలు గీత. వేగంగా పోయే బండి గీత నిటారుగా లేస్తుంది. స్టేషన్లో ఆగినప్పుడల్లా గీత కాసేపు అడ్డంగా సాగి మళ్లీ పైకి వెళుతుంది. లోకల్ గీత మెట్లు మెట్లుగా ఉంటుంది. దాని వెనకాలే ముంబై వైపు పోయే ఎక్స్‌ప్రెస్ గీత నిటారుగా వస్తుంది. రెండు స్టేషన్ల మధ్య, ఒకే పట్టా మీద ఆ రెండు గీతలూ కలవకూడదు. కంట్రోలర్ పనంతా అవి కలవకుండా చూడటమే.

"నువ్వు నీ బండి ఒక్కటే చూస్తున్నవు బిడ్డా. నేను దాని వెనక ఉన్న వరుస చూడాలె" అన్నాడు.

ఒక్క హాల్ట్‌కి పోయే సమయం ఎంతో లెక్క వేసి చూద్దాం. లోకల్ గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, బ్రేకు వేసి ఆగడానికి అర నిమిషానికి పైగా, మళ్లీ అదే వేగం అందుకోవడానికి ముప్పావు నిమిషానికి పైగా పడుతుంది. బండి ఆ సేపంతా కదులుతూనే ఉంటుంది కాబట్టి అందులో నిజంగా పోయేది సుమారు సగమే. తలుపుల దగ్గర ఎక్కి దిగడానికి అర నిమిషం కలిపితే మొత్తం నిమిషంపావు అనుకోండి. మీరు చెప్పిన నాలుగూ వదిలేస్తే మిగిలేది అయిదు నిమిషాలు. అదే 24 బోగీల ఎక్స్‌ప్రెస్ అయితే వేగం అందుకోవడానికే నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల హాల్ట్ అని టైంటేబుల్‌లో ఉన్నా అసలు నష్టం నాలుగైదు నిమిషాలు. అందుకే లోకల్‌కి హాల్ట్ ఇవ్వడం తేలిక, ఎక్స్‌ప్రెస్‌కి కష్టం.

ఆ అయిదు నిమిషాలకు ఇంకెవరో ఎంత ఇచ్చుకోవాలో కూడా చూడాలి. అరగంటకో లోకల్ ఉందనుకోండి. బండి విడిచి బండి బోరబండలో ఆగకపోతే, అక్కడివాళ్లకు గంటకో బండే మిగులుతుంది. మీకు అయిదు నిమిషాలు కలిసొస్తే వాళ్లకు అరగంట పోతుంది. పొద్దున బోరబండలో ఎక్కేవాళ్లలో ఫ్లాట్లలో పనికి పోయే ఆడవాళ్లు చాలామంది ఉండేవారు. అరగంట ఆలస్యమైతే వాళ్లకు ఒక ఇంటి పని పోతుంది. నా అర్జీ మీద వాళ్ల సంతకం ఒక్కటీ లేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అలాగని మీ వాదనలో పస లేదని కాదు. లోకల్ తక్కువసార్లు ఆగితే దాని వేగం ఎక్స్‌ప్రెస్ వేగానికి దగ్గరవుతుంది. రెండు గీతల మధ్య వదలాల్సిన ఖాళీ తగ్గి, చార్టులో ఇంకో బండికి చోటు దొరకవచ్చు. ప్లానర్లు దీన్ని నిజంగానే లెక్క వేస్తారు. ముంబైలో దీనికి వేరే దారి ఉంది. అక్కడ నాలుగు లైన్లు ఉన్నచోట స్లో లోకల్ ఒక జత మీద, ఫాస్ట్ లోకల్ ఇంకో జత మీద పోతాయి. ఫాస్ట్ బండి దాదర్, అంధేరి, బోరివలి లాంటి పెద్దవాటిలో ఆగుతూ స్లో బండిని దాటేస్తుంది. మన హైటెక్ సిటీ, లింగంపల్లి వైపు రానుపోను ఒక్కో లైనే. లోకల్, ఎక్స్‌ప్రెస్, గూడ్స్ అన్నీ దాని మీదే. ముందున్నదాన్ని స్టేషన్లోని పక్క పట్టా మీదికి (లూప్ లైన్లోకి) తప్పిస్తే తప్ప వెనకది దాటలేదు. హాల్టులు వదిలేసి ముందుకు ఉరికిన బండి, ముందున్న గూడ్స్ వెనక పసుపు సిగ్నల్ చూస్తూ పాకాల్సి వస్తే ఆ అయిదు నిమిషాలూ అక్కడే కరిగిపోతాయి.

నా పదకొండేళ్లలో టైం ఎక్కువగా పోయింది హాల్టుల్లో కానే కాదు. సికింద్రాబాద్ ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ప్లాట్‌ఫారం ఖాళీ లేక. కిటికీలోంచి స్టేషన్ కనిపిస్తూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. ఆఫీసులో పంచింగ్ టైం దాటిపోతోందన్న టెన్షన్ అక్కడ పడ్డంతగా ఇంకెక్కడా పడలేదు. 2024 మార్చిలో రెండు పట్టాలతో, కరెంటుతో ప్రారంభమైన సనత్‌నగర్–మౌలాలి లైను వల్ల సికింద్రాబాద్‌కి రానక్కర్లేని బండ్లను పక్క నుంచి పంపవచ్చు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ కూడా వచ్చింది. మీ అయిదు నిమిషాలు బోరబండ కన్నా ఇలాంటిచోట్ల దొరికే అవకాశమే ఎక్కువ.

ఎక్కేవాళ్లు తక్కువ అన్నారు. దీని గురించి కాస్త జాగ్రత్త. ఏ స్టేషన్లో ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో అన్నదే మొదట బల్ల మీదికొచ్చే లెక్క. కానీ సీజన్ పాస్ హైటెక్ సిటీలో తీసుకున్న మనిషి బోరబండలో ఎక్కుతాడు. రిటర్న్ టికెట్ కొన్నవాళ్లు తిరిగొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గరికే రారు. అర్జీ రాసిన మా ప్రయాణికుల బృందంలో ముగ్గురం ఒక వారం పాటు పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఒక చిన్న స్టేషన్లో నిలబడి ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ నోటుబుక్కులో రాసుకున్నాం. కౌంటర్లో అమ్మిన టికెట్ల కన్నా మనుషులు చాలా ఎక్కువ తేలారు. సంతకం పెట్టింది తప్పని నాకు అనిపించింది ఆ వారంలోనే.

ఇక నిర్ణయం ఎవరిదంటే, లోకల్ టైంటేబుల్ జోనల్ స్థాయిలో, అంటే మనకు దక్షిణ మధ్య రైల్వేలో తయారవుతుంది. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్.లో రాష్ట్ర ప్రభుత్వమూ భాగస్వామే, కాబట్టి అక్కడి మాటకూ విలువుంటుంది. మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లకు కొత్త హాల్ట్ కావాలంటే ఫైలు రైల్వే బోర్డు దాకా పోతుంది. చాలాసార్లు ముందు ఆరు నెలలు ప్రయోగాత్మకంగా ఇచ్చి, ఆదాయం చూసి కొనసాగిస్తారు. హైటెక్ సిటీలోనూ ఎక్స్‌ప్రెస్‌లు ఆపాలని చాలామంది అడుగుతుంటారు. ప్లాట్‌ఫారం పొడవు కూడా చూడాలి. 24 ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) బోగీలు కలిస్తే 560 మీటర్లు దాటుతుంది, 12 బోగీల లోకల్ అందులో సగం కూడా ఉండదు. లోకల్ కోసం కట్టిన ప్లాట్‌ఫారం మీద పెద్ద బండిని ఆపితే వెనక బోగీల వాళ్లు కంకర మీదికి దిగాలి.

మీరు అర్జీ పెట్టేటట్టయితే హాల్టులు తీసేయమని రాయకండి. పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర మధ్య ఇంకో రెండు బండ్లు అడగండి. మీ బండి వారం రోజులు ఏ స్టేషన్ దగ్గర ఎన్ని నిమిషాలు నిలిచిందో రాసి జత చేయండి, ఔటర్‌లో ఆగింది విడిగా. నోటుబుక్కులో గళ్లు ఎలా గీసుకోవాలో కావాలంటే కింద అడగండి, మావి ఇంకా నా దగ్గర ఉన్నాయి.