గ్రేడ్ 3 అయినవాళ్ళు షోపాన్ వాయించవచ్చా?

మీరు రెండు విషయాలు అడిగారు. పియానో పరీక్షల్లో గ్రేడ్ 3 పూర్తయినవాళ్ళు పందొమ్మిదో శతాబ్దపు సంగీతకర్త, పియానిస్ట్ షోపాన్ రచనల జోలికి వెళ్ళొచ్చా అన్నది ఒకటి, వేళ్ళ వేగం వల్లే ఆయనకు అంత పేరొచ్చిందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తేలిక: నిరభ్యంతరంగా వెళ్ళొచ్చు. రెండోదానికి కొంచెం వివరంగా చెప్పాలి.

నేను చిన్నప్పుడు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక హైదరాబాద్‌లో పియానో మొదలుపెట్టాను. మా టీచర్ నాకిచ్చిన మొదటి షోపాన్ రచన ఓపస్ 28లో (ఓపస్ అంటే రచనల వరుస సంఖ్య) నాలుగో ప్రెల్యూడ్ అనే చిన్న ముక్క, ఇ మైనర్ స్కేల్‌లోది. మొత్తం 25 బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి), ఒక్క పేజీలో అయిపోతుంది. కుడి చేతికి చాలాసేపు దాదాపు రెండే స్వరాలు, బి నుంచి సి, మళ్ళీ బి. పనంతా ఎడమ చేతిదే. మూడు స్వరాలు ఒకేసారి పలికే కార్డ్‌లు మెత్తగా మోగుతూ ఉంటాయి. కార్డ్ మారిన ప్రతిసారీ అందులో ఒకటో రెండో వేళ్ళు పక్క కీ మీదికి దిగుతాయంతే. పైన పాట కదలదు, కింద నేల మాత్రం కుంగిపోతూ ఉంటుంది. మధ్యలో ఒక్కసారి గట్టిగా పైకి లేచి, మళ్ళీ తగ్గి, చివర్లో పూర్తిగా ఆగుతుంది. ఆ మౌనం తర్వాత మూడే మూడు కార్డ్‌లతో ముగుస్తుంది. ఇందులో వేగమనేదే లేదు. 1849లో పారిస్‌లోని మడెలీన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలు జరిగినప్పుడు ఆర్గన్ మీద వాయించిన ఆయన రచనల్లో ఇదొకటి. అంతటి ముక్క మీ గ్రేడ్‌కు అందేదే. స్వరాలు వారంలో వచ్చేస్తాయి. ఎడమ చేతి కార్డ్‌లన్నీ ఒకే మెత్తదనంతో మోగడానికి మాత్రం నెలలు పట్టొచ్చు.

షోపాన్ 1810లో వార్సా దగ్గర జెలజోవా వోలా అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి పోలండ్ మనిషి. మొదటి గురువు జివ్నీ అసలు వయొలిన్ విద్వాంసుడు. బాఖ్, మొజార్ట్‌ల మీద ప్రేమ కలిగించింది ఆయనే. 1830 నవంబరు మొదట్లో షోపాన్ వార్సా వదిలాడు. ఆ నెలాఖరుకే అక్కడ రష్యన్ పాలన మీద తిరుగుబాటు లేచింది. ఆ తర్వాత ఆయన స్వదేశంలో మళ్ళీ అడుగుపెట్టలేదు. మజుర్కాలు, పోలొనైజ్‌లు అనే పోలండ్ నృత్యాల సంగీతం జీవితాంతం రాస్తూనే ఉన్నాడంటే, తిరిగి వెళ్ళలేని ఊరు ఆయన్ని ఎంతగా పట్టుకుందో తెలుస్తుంది.

తర్వాత స్థిరపడిన పారిస్‌లో ఆయన బతుకుతెరువు కచేరీలు కాదు, పాఠాలు. జీవితం మొత్తంలో బహిరంగంగా ఇచ్చిన కచేరీలు సుమారు 30. అదే కాలంలో హంగరీ పియానిస్ట్ లిస్ట్ యూరప్ అంతా తిరిగి పెద్ద హాళ్ళు నింపుతుంటే, షోపాన్ నలుగురు స్నేహితులున్న గదిలో, తేలిగ్గా పలికే ప్లేయెల్ కంపెనీ పియానో మీద, తగ్గు స్వరంలో వాయించడానికే ఇష్టపడేవాడు. ఆయనకు లిస్ట్ మీద గౌరవం లేక కాదు, తన ఓపస్ 10 ఎట్యూడ్‌లను (సాధన కోసం రాసే ముక్కలు) లిస్ట్‌కే అంకితమిచ్చాడు. పాఠానికి 20 ఫ్రాంకులు తీసుకునేవాడు, అప్పట్లో అది పెద్ద ఫీజే. శిష్యులు ఎక్కువగా ధనిక కుటుంబాల స్త్రీలు. ఆ శిష్యులు రాసిపెట్టిన జ్ఞాపకాల వల్లే ఆయన ఎలా నేర్పేవాడో మనకు తెలుసు. నాకు ఆయన జీవితకథ కన్నా ఆ జ్ఞాపకాలే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

వాటిలో మూడు మాటలు మీకు పనికొస్తాయి. మనందరికీ సి మేజర్ స్కేల్‌తో మొదలుపెడతారు కదా, ఆయన బి మేజర్‌తో మొదలుపెట్టేవాడు. పొడుగు వేళ్ళు నల్ల కీస్ మీద, పొట్టి వేళ్ళు తెల్ల కీస్ మీద పడితే చెయ్యి సహజంగా ఉంటుందని ఆయన లెక్క. చూడ్డానికి తేలికైన సి మేజరే చేతికి అన్నిటికన్నా కష్టమని చివరికి ఉంచేవాడు. బి మేజర్‌తో చేసి చూడండి, మణికట్టులో బిగువు పోతుంది. రెండోది, ఎడమ చెయ్యే తాళం పట్టాలి, కుడి చెయ్యి దాని మీద కొంచెం ముందూ వెనకా స్వేచ్ఛగా పాడుకోవచ్చు. ఇంట్లో నేను ఎడమ చేతిని ఒక్కదాన్నే తాళం లెక్కపెట్టే మెట్రోనోమ్‌తో వాయిస్తూ, కుడి చేతి వరుసను నోటితో పాడతాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గొంతే చెప్పేస్తుంది. మూడోది కూడా ఇదే, వాయించాలంటే పాడాలి అనేవాడు. శిష్యుల్ని గొప్ప గాయకులను వినమని ఒపెరాకు పంపేవాడు. రోజుకు మూడు గంటలు దాటి సాధన చేస్తే కోప్పడేవాడట!

పాట నేర్చుకున్నవాళ్ళకు ఆయన నాక్టర్న్‌లు (రాత్రి భావంతో పాటలా సాగే ముక్కలు) ఎందుకంత దగ్గరగా ఉంటాయో ఓపస్ 9లో రెండోదాన్ని వింటే అర్థమవుతుంది. అదే వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది, కానీ కీర్తనలో పల్లవికి సంగతులు వేసినట్టు వచ్చిన ప్రతిసారీ కొత్త అలంకారంతో వస్తుంది. ఆయన శిష్యుల పుస్తకాల్లో ఈ నాక్టర్న్‌కే వేరే వేరే అలంకారాలు చేత్తో రాసిచ్చాడు కూడా. అచ్చయిన స్వరాలే తుది మాట అనుకోలేదన్నమాట. పియానో మీద గమకం పలకదు, కీ నొక్కాక స్వరం వంగదు. గొంతు చేసే పనిని అలాంటి వాయిద్యం మీద, చిన్న చిన్న స్వరాల గుత్తులతో, పెడల్‌తో, కార్డ్‌ల రంగుతో ఆయన ఎలా సాధించాడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నా దృష్టిలో ఆయన గొప్పతనం అదే.

వేగం మాట పూర్తిగా అబద్ధమని కాదు. ఎట్యూడ్‌లు, కథ చెప్పినట్టు సాగే పెద్ద బల్లాడ్‌లు వాయించడానికి ఏళ్ళ సాధన కావాలి. అయితే ఆ వేగం కూడా పాటను మోయడానికే ఉంది. యూట్యూబ్‌లో అందరూ పరుగులు పెట్టించే ఫాంటసీ ఇంప్రాంప్టూ అనే తన రచనను ఆయన బతికుండగా అచ్చు వేయించనే లేదు. ఆయన పోయాక స్నేహితుడు ఫొంటానా 1855లో ప్రచురించాడు. దయచేసి దాంతో మాత్రం మొదలుపెట్టకండి.

మీ కీబోర్డు 61 కీస్‌ది అయితే ముందు వెయిటెడ్ కీస్ (అసలు పియానో కీస్‌లా బరువుగా ఉండేవి) ఉన్న 88 కీస్ డిజిటల్ పియానో చూసుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా సరే. మెత్తగా నొక్కడానికీ గట్టిగా నొక్కడానికీ తేడా తెలియని కీస్ మీద షోపాన్ పలకడు. తర్వాత ఓపస్ 28లో ఏడో ప్రెల్యూడ్ నేర్చుకోండి, అది 16 బార్లే. ఆపైన నేను చెప్పిన నాలుగోది, అది కుదిరాక ఆయన మరణానంతరం అచ్చయిన ఎ మైనర్ వాల్ట్జ్. మజుర్కాలను మాత్రం వాయించే ముందు బాగా వినండి, పియానిస్ట్ ఆర్థర్ రూబిన్‌స్టీన్ రికార్డింగ్‌లు బాగుంటాయి. వాటి లయ కాగితం చూసి పట్టుకునేది కాదు. మయర్‌బీర్ అంతటి సంగీతకర్త ఒక మజుర్కా విని ఇది రెండు లెక్కల తాళమని పట్టుబడితే, మూడేనని షోపాన్ అరిచి, తానే వాయిస్తూ గట్టిగా లెక్కపెట్టి చూపించాడట. నాక్టర్న్‌ల కోసం పియానిస్ట్ మరియా జువావ్ పిరెస్‌ను వినండి, ఆమె ఎడమ చెయ్యి మీద చెవి పెట్టి.